డిప్రెషన్‌కు మాత్రలు మేలా, మాటలు మేలా?

డిప్రెషన్ అని డాక్టరు చెప్పాక మన గోదావరి జిల్లాల ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. మాత్రలు మొదలుపెడితే ఇక జీవితాంతం మింగుతూనే ఉండాలని ఒకరు భయపడతారు. ఎవరితోనో కూర్చుని మాట్లాడితే జబ్బు తగ్గుతుందా అని ఇంకొకరు తీసిపారేస్తారు. నా ఉద్దేశంలో దీన్ని తేల్చాల్సింది మన భయాలు కాదు, జబ్బు ఎంత ముదిరిందన్నది.

ఈ రెండింటి జోలికీ పోకుండా ఊళ్లలో ముందు నుంచీ నడుస్తున్న మూడో దారి ఒకటుంది. మనసు బాగాలేదని మనవాళ్లు చెప్పరు. "నీరసంగా ఉందండి, ఒళ్లంతా పోట్లు, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదండి" అంటారు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్, బికాంప్లెక్స్ ఇంజక్షన్, వాటితోపాటు నిద్రమాత్ర. రెండ్రోజులు హాయిగా అనిపిస్తుంది, దిగులు మాత్రం అక్కడే ఉంటుంది. ఆల్‌ప్రజోలం లాంటి మాత్రలు డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే అలవాటు పడిపోతాయి, మోతాదు పెంచితే గానీ నిద్ర రాదు. డిప్రెషన్ మందులకు అంటగట్టిన చెడ్డపేరు అసలు వీటిది. ఏది మేలు అన్న లెక్కలోంచి ఈ దారిని ముందే తీసేయాలి.

ఎందుకు వచ్చిందన్నది కూడా జనం తప్పుగా వాడుకుంటారు. కౌలుకు చేసిన వరి గోదావరి వరదలో మునిగింది, తెల్లమచ్చ వైరస్‌తో రొయ్యల చెరువు ఖాళీ అయింది, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి అమ్మానాన్నలు పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలారు, భార్య కువైట్ వెళ్లి ఏళ్లయింది. ఇవన్నీ డిప్రెషన్‌ను తెచ్చిపెట్టగలవు. వంశంలో ఉండటం, కాన్పు తర్వాతి నెలలు, థైరాయిడ్ లోపం, రోజూ తాగడం, ఏళ్ల తరబడి ఉన్న సుగరు కూడా కారణాలే. తరచుగా రెండు మూడు కలిసే ఉంటాయి. "అప్పు వల్ల వచ్చిన దిగులుకు మాత్ర ఏం చేస్తుంది?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: మాత్ర అప్పు తీర్చదు, కానీ నిద్ర, ఆకలి, ఆలోచించే శక్తి తిరిగి వస్తే బ్యాంకు వాళ్లతో కూర్చుని మాట్లాడగలిగే మనిషి మిగులుతాడు.

ఇక మాత్రల సంగతి. ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేవి ఫ్లూక్సెటిన్, సెర్ట్రలీన్, ఎస్సిటాలోప్రాం. జెనరిక్ రకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. వీటికి నిద్రమాత్రల్లాంటి వ్యసనం లేదు. ఇబ్బందల్లా గుణం నెమ్మదిగా కనిపించడం. రెండు నుంచి నాలుగు వారాలకు కొంత తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. కడుపులో వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే రావచ్చు. మనవాళ్లు సరిగ్గా అక్కడే ఆపేస్తారు. కొందరికి శృంగారంలో ఆసక్తి తగ్గుతుంది. సిగ్గుపడి చెప్పకుండా మందు మానేసేకంటే డాక్టరుకు చెబితే వేరే రకానికి మారుస్తారు. బాగయ్యాక కూడా సాధారణంగా మరో ఆరు నెలలైనా కొనసాగించాలి, ఆపేటప్పుడు మోతాదు మెల్లగా తగ్గించాలి. పాతికేళ్లలోపు వాళ్లను మొదటి వారాల్లో దగ్గరుండి గమనించాలి, ఎందుకంటే కొందరిలో చనిపోవాలన్న ఆలోచనలు ఆ సమయంలో పెరగవచ్చు. ఒకప్పుడు ఉన్నట్టుండి అతి హుషారు, నిద్ర అక్కర్లేనంత ఉత్సాహం, విచ్చలవిడి ఖర్చు ఉండేవా? ఉంటే ముందే చెప్పాలి. అది బైపోలార్, అంటే దిగులూ అతి హుషారూ మారిమారి వచ్చే జబ్బు కావచ్చు, అప్పుడు వైద్యం వేరు.

మాటల వైద్యమంటే ధైర్యం చెప్పడం కాదు. "మనసు గట్టి చేసుకో బావా, అన్నీ సర్దుకుంటాయి" అన్నది ప్రేమే గానీ చికిత్స కాదు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతిలో మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటలను ఒక్కొక్కటిగా పట్టుకుని, అవి ఎంతవరకు నిజమో తేల్చుకోవడం నేర్పుతారు. ఇంకో పద్ధతి మానేసిన పనులను చిన్న చిన్నగా తిరిగి మొదలుపెట్టించడం: పొద్దున్నే గట్టు మీద నడక, ఆదివారం సంతకు వెళ్లడం. గోవాలో ఈ రెండో పద్ధతిని డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే నడిపించారు. ఎక్కువ డిప్రెషన్ ఉన్నవాళ్లకూ మేలు జరిగిందని 2017లో ఫలితాలు వచ్చాయి. మన లంక గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ఇలాంటి శిక్షణ ఇస్తే ఎంత బాగుంటుందో! ఈ వైద్యానికున్న అసలు బలం, నేర్చుకున్నది చికిత్స ముగిశాక కూడా పనికొచ్చి జబ్బు తిరగబెట్టడం తగ్గడం. లోపం కూడా చిన్నదేం కాదు: శిక్షణ ఉన్న సైకాలజిస్టులు పట్టణాల్లోనే ఉంటారు, వారం వారం వెళ్లాలి, మంచం మీంచి లేవలేని మనిషి అంత పని చేయలేడు.

అందుకే నా తీర్పు రెండు రకాలుగా ఉంటుంది. పనికి వెళ్తూ, తింటూ, కానీ వారాలుగా దేని మీదా ఇష్టం లేకుండా ఉన్నవాళ్లు మాటలతో, నడకతో, మద్యం మానడంతో మొదలుపెట్టవచ్చు. తిండి, నిద్ర పూర్తిగా చెడి, స్నానం కూడా మానేసి, బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే కౌన్సెలర్ దొరికేదాకా ఆగకూడదు. సైకియాట్రిస్టును కలిసి మాత్రలు వెంటనే మొదలుపెట్టాలి, మాటలు వాటికి తోడవ్వాలి. ఇలాంటివాళ్లలో రెండూ కలిపినప్పుడే ఫలితం ఎక్కువ. కోనసీమ నుంచైతే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ ప్రభుత్వాసుపత్రికి వెళ్లవచ్చు, అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం ఇప్పుడే కుదరకపోతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ మాత్రల చీటీకి పూర్తి బదులు కాదు, మొదటి అడుగుకు మాత్రం అన్నిటికంటే దగ్గర.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి వైద్యమే అందడం లేదని తేలింది. మాత్రలా మాటలా అని ఇంట్లో వాదించుకుంటూ నెలలు గడిపేయడం కంటే, వీటిలో ఏది ముందు దొరికితే దానితో మొదలుపెట్టడం నయం.

ఎవరైనా చనిపోవాలనుందని అంటే, బెదిరింపు అనుకోకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో, చెరువు దగ్గర షెడ్డులో ఉన్న పురుగుమందును ఆ రోజే వేరే చోటికి చేర్చండి, మాత్రల డబ్బా ఇంకొకరి దగ్గర ఉంచండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటిసారి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, పట్టుకెళ్లండి. థైరాయిడ్ పరీక్ష చేయిస్తారా అని అడగండి. "మా తమ్ముడు మాట్లాడట్లేదండి" అని వెంట వెళ్లినవాళ్లే చెప్పాల్సి రావచ్చు, అతను గది బయట కూర్చున్నా సరే, మీరు లోపలికి వెళ్లి చెప్పండి.