అంచు వెడల్పుగా ఉన్న రిఫరెన్సు బైబిలు: పదకొండు నెలల వాడకం తరువాత

నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గరలో ఉన్న ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో 1,150 రూపాయలకు కొన్న ఈ రిఫరెన్సు బైబిలును పదకొండు నెలలుగా రోజూ వాడుతున్నాను. మూలపాఠం మన పెద్దలు చదువుకున్న పాత గ్రాంథిక అనువాదమే. పేజీ నడుమ ఒక వచనానికి సంబంధించిన ఇతర వచనాలను చూపే రిఫరెన్సుల వరుస, ఇరువైపులా రాసుకోవడానికి రెండు వేళ్ల వెడల్పున ఖాళీ అంచు, చివర ఏ పదం ఏ వచనాలలో ఉందో చూపే పదసూచిక, పటాలు, ఏడాది పఠన పట్టిక ఉన్నాయి. వ్యాఖ్యానం మాత్రం ఒక్క పంక్తి కూడా లేదు. దుకాణంలో దీనినే లోపంగా చెప్పి వ్యాఖ్యానం ఉన్న ప్రతిని చూపించారు గాని, నా దృష్టిలో ఈ పుస్తకానికి ఇదే మొదటి సుగుణం. పేజీ కింద వివరణ సిద్ధంగా ఉంటే వచనం పూర్తికాక ముందే చూపు కిందికి జారుతుంది. బెరయ పట్టణపు వారు అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటలను సైతం ప్రతిదినం లేఖనాలలో వెదకి చూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17:11లో చదివే మనం, ఆ వెదకే పనిని ఇంకొకరికి అప్పగించడం న్యాయం కాదు.

రిఫరెన్సుల విషయానికి వస్తే, ఇవి మనిషిని కూర్చోనివ్వవు. ఏమి చేసినా ప్రభువు నిమిత్తం మనస్ఫూర్తిగా చేయమన్న కొలొస్సయులకు 3:23ను చిన్నప్పటి నుండి పాటల బృందానికీ సండే స్కూలుకూ సంబంధించిన ప్రసంగాలలోనే విన్నాను. దానికి ముందున్న వచనం దాసులను ఉద్దేశించినదని, అంటే తమకు నచ్చిన పనిని ఎంచుకునే అవకాశమే లేనివారికి చెప్పిన మాట అని గమనించలేదు. అక్కడి నుండి రిఫరెన్సు నన్ను రెండవ దినవృత్తాంతములు 31:21కి పంపింది. యూదా రాజైన హిజ్కియా తాను మొదలుపెట్టిన ప్రతి పనినీ హృదయపూర్వకంగా చేశాడని అక్కడ ఉంది. ఏ మహాకార్యమో అనుకుని అధ్యాయమంతా చదివితే, మూడవ నెల నుండి ఏడవ నెల వరకు పోగైన అర్పణల కుప్పలు, వాటికోసం సిద్ధపరచిన గదులు, వాటిపై నియమించిన అధికారులు, వంశాల వారీగా పేర్ల నమోదు, పంపకాలు కనిపించాయి. మా గృహకూడికలో దీనిని చదివినప్పుడు, వడ్ల కొనుగోలు కేంద్రంలో పనిచేసే ఒక అక్క, ‘కుప్ప పోసుడు కాదు తమ్మీ, గోతాల లెక్క రాసేటోడు సక్కగుండాలె, గదే గీడ రాసిండ్రు’ అన్నది. ఆ మాటను అదే అధ్యాయం పక్కన అంచులో రాసుకున్నాను. ఏ వ్యాఖ్యానంలోనూ నాకు ఇంత సూటి వివరణ దొరకలేదు.

పదసూచిక అంత నమ్మదగినది కాదు. ‘పూర్ణహృదయము’ అన్న పదం కింద ద్వితీయోపదేశకాండము 6:5, కీర్తన 119:10 దొరుకుతాయి గాని, యిర్మీయా 29:13 దొరకదు. ఎందుకంటే మన అనువాదంలో అక్కడ ‘పూర్ణమనస్సు’ అని ఉంది. మూలభాష అయిన హెబ్రీలో ఈ మూడు చోట్లా ఉన్నది హృదయమే. ‘పూర్ణమనస్సు కూడా చూడుము’ అని ఒక్క మాట చేర్చి ఉంటే సరిపోయేది. సూచికనే నమ్ముకుని పాఠం తయారుచేసుకునేవారు దేవుణ్ణి వెదకడం గురించిన ముఖ్యమైన వచనాన్ని వదిలేసే ప్రమాదం ఉంది.

పఠన పట్టిక గురించి నా అభిప్రాయం మరింత కఠినమైనది. మొత్తం 1,189 అధ్యాయాలను పనిదినాలలో మూడు, ఆదివారం ఐదు చొప్పున విభజించి, ప్రతి తేదీ ఎదుట ఒక గడి ఇచ్చారు. మూడు నెలలు తప్పకుండా నింపాను. ఒక రాత్రి పదకొండు దాటాక, అంతకు ముందే చదివిన లేవీయకాండపు అధ్యాయాలలో ఏముందో ఒక్క ముక్క గుర్తులేకుండానే గడిలో టిక్కు పెట్టి పడుకున్నాను. మరునాటి నుండి పట్టికను వదిలి, 119వ కీర్తనలోని 176 వచనాలను రోజుకు ఒక ఖండం చొప్పున, ఎనిమిదేసి వచనాలుగా 22 రోజులు చదివాను. ఆలెఫ్, బేత్ అని ఖండాలపై హెబ్రీ అక్షరాల పేర్లు స్పష్టంగా ముద్రించారు. ఆ 22 రోజులలో అంచు నిండినంతగా మరెక్కడా నిండలేదు.

కాగితం పలుచన, బాల్ పెన్ను రాత వెనుకకు తేలుతుంది, పెన్సిలే మేలు. అక్షరం అరవై దాటినవారికి చిన్నది. వైశాఖపు ఎండలో బండి డిక్కీలో మధ్యాహ్నమంతా ఉంచినందుకు జిగురు కరిగి, కీర్తనల దగ్గర వెన్ను విడిపోయింది. తప్పు నాదే అయినా, మన పాలమూరు, నల్లగొండ ఎండలకు కుట్టిన బైండింగు ఉండవలసింది. బైండరు దానిని 120 రూపాయలకు దారంతో కుట్టి ఇచ్చాడు.

ఇన్ని లోపాలున్నా మా అబ్బాయికోసం మరో ప్రతి కొన్నాను. పట్టిక లేని ముద్రణ ఉందా అని అడిగితే లేదన్నారు. ఆ రెండు పేజీలనూ జిగురుతో అంటించి ఇచ్చాను.