పేటెంట్ దావానా, ప్రకటన దావానా?

పోటీ కంపెనీని కోర్టుకు లాగడానికి ఈ రెండు దారులకూ పోలికే లేదు.

2007లో బజాజ్ వాళ్లు టీవీఎస్ మీద మద్రాసు హైకోర్టుకెక్కారు. బైకు ఇంజన్‌లోని ఒక చిన్న సిలిండర్‌లో రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టే పద్ధతికి పేటెంట్ తమదని, టీవీఎస్ వాళ్ల ఫ్లేమ్ బైకు అదే వాడిందని వాదన. మా ఇంజన్‌కు మూడు వాల్వులు, మీ దానికి రెండే కదా అని టీవీఎస్ జవాబు. 2008లో ఆ రెండు ప్లగ్గుల పద్ధతి వాడొద్దని టీవీఎస్ మీద స్టే వచ్చింది. ఫ్లేమ్ ఒకే ప్లగ్గుతో మార్కెట్లోకి రావాల్సి వచ్చింది. 2009లో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి ఆ స్టే తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు, టీవీఎస్‌ను బండి అమ్ముకోనిచ్చి అమ్మకాల లెక్కలు రాసిపెట్టమంది. ఇలాంటి కేసులు రోజువారీ విచారించి తేల్చాలనీ గట్టిగా చెప్పింది. అయినా 2019లో రాజీ పడేదాకా అది సాగింది. పన్నెండేళ్లు! చాలా బండి మోడళ్లు అన్నేళ్లు బతకనే బతకవు.

ప్రకటన గొడవ అలా కాదు. 2010 ఫిబ్రవరి చివర్లో రిన్ ప్రకటన వచ్చింది. స్కూలు బస్సు కోసం ఇద్దరు తల్లులు ఎదురుచూస్తుంటారు, ఒకరి బుట్టలో టైడ్ ప్యాకెట్, పేరు దాచకుండానే. రిన్‌తో ఉతికిన చొక్కానే తెల్లగా మెరుస్తుంది. టైడ్ వాళ్లు కలకత్తా హైకోర్టుకెళ్తే కొద్ది రోజుల్లోనే ఆగిపోయింది. మన సరుకు గొప్పదని చెప్పుకోవచ్చు, ఎదుటివాడి సరుకు పనికిరాదనడమే కుదరదు.

చిన్న తయారీదారు అడిగితే నేను ప్రకటన దావా వైపే మొగ్గుతాను. పేటెంట్ దావా వేస్తే ముందు మన పేటెంటే చెల్లదని ఎదుటివాళ్లు తిరగబడే ప్రమాదం ఉంది, అది పోతే అసలుకే మోసం.