సైసన్ డుపాంటా, జాన్లాన్ ఆంబ్రేనా?

రెండూ పల్లెటూరి బీర్లే. డుపాంట్‌ది బెల్జియంలోని టూర్ప్, జాన్లాన్‌ది సరిహద్దు దాటితే ఉత్తర ఫ్రాన్స్.

రుచి: డుపాంట్‌ను 30 డిగ్రీలు దాటిన వేడిలో పులియబెడతారు. ఈస్టు చక్కెరను దాదాపు మిగల్చదు. అందుకే మిరియాల ఘాటు, నిమ్మతొక్క వాసన, చివర్లో నాలుక పొడిబారినట్టు ఉంటుంది. మొదటి గుక్కకే తీర్పు చెప్పకండి, మూడో గుక్కకు గానీ అర్థం కాదు. జాన్లాన్ మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపితో మెత్తగా దిగుతుంది.

బలం: డుపాంట్‌లో ఆల్కహాల్ 6.5 శాతం, జాన్లాన్‌లో 7.5 శాతం.

శ్రమ: డుపాంట్ సీసాలోనే మళ్లీ పులుస్తుంది, నురగ పొంగుకొస్తుంది. గ్లాసు వంచి నెమ్మదిగా పోయాలి. మరీ చల్లగా ఉంటే వాసన తెలియదు, ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగండి. జాన్లాన్‌కు ఇంత తతంగం లేదు.

రిస్క్: డుపాంట్ తరచూ పచ్చ సీసాలో వస్తుంది. వెలుతురు తగిలితే కంపు కొడుతుంది. కిటికీ పక్క అరలోది కొని నేనొకసారి సింకులో పోశాను.

ఖర్చు: 750 మి.లీ. వద్దు, ముందు 330 తీసుకోండి.

కారం వంటకాలకు, ఎండాకాలం సాయంత్రాలకు డుపాంట్. చలి రాత్రి, ఉత్తర ఫ్రాన్స్‌కే చెందిన ఘాటైన మార్వాల్ చీజ్ ముందుంటే, లేదా చేదు గిట్టనివాళ్లకు జాన్లాన్.