జీడిపప్పు పడనివారికి బిజినెస్ క్లాస్ భోజనం: తొమ్మిదేళ్ల ప్రయాణాల అనుభవం

నాకు జీడిపప్పు, పిస్తా పడవు. మనం 'పడదు' అన్న మాటను అజీర్తికీ, అయిష్టానికీ, ప్రాణాపాయానికీ ఒకేలా వాడతాం కాబట్టి ముందే స్పష్టంగా చెబుతున్నాను: చిన్న జీడిపలుకు నోట్లో పడినా నిమిషాల్లో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోయే అలర్జీ నాది. జీడి, పిస్తా ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి కావడం వల్ల ఒకటి పడనివారికి చాలావరకు రెండోదీ పడదు. మా అమ్మ పుట్టిల్లు పలాస దగ్గర. జీడిపప్పు లేకుండా పండుగ వంట జరగని ఆ బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి, నా వాటా వేరే గిన్నెలోకి తీసిన తరువాతే తాలింపు వేయనిచ్చేది. విమానంలో ఆ పొయ్యి దగ్గర మనవాళ్లెవరూ ఉండరు. ఔషధ కర్మాగారాల నాణ్యత తనిఖీ ఉద్యోగం మీద 2016 నుంచి ఏడాదికి నాలుగైదు సార్లు హైదరాబాద్ నుంచి ఐరోపాకో, అమెరికాకో కంపెనీ ఇచ్చే బిజినెస్ క్లాస్ టికెట్ మీద వెళ్లివస్తున్నాను. ఆ భోజనాల గురించి, నాలాంటి వారికి పనికొచ్చేలా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మొదట వంట ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. విమానంలో సాధారణంగా ఎవరూ వండరు. విమానాశ్రయం దగ్గరి వంటశాలలో వండి, వెంటనే చల్లార్చి, శీతల స్థితిలోనే విమానంలోకి ఎక్కించిన పదార్థాన్ని గ్యాలీ (విమానంలోని చిన్న వంటగది) ఓవెన్లలో తిరిగి వేడిచేసి ఇస్తారు. ఆ వేడికీ, క్యాబిన్‌లోని పొడి గాలికీ వేపుళ్లూ పలచటి కూరలూ ఎండిపోతాయి. పైగా ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నంత గాలి పీడనంలో ఉప్పు, తీపి నాలుకకు మందంగా తెలుస్తాయి. కాబట్టి వంటశాలలు చిక్కటి గ్రేవీ ఉన్న వంటకాలనే ఎంచుకుంటాయి. భారతీయ వంటకాల్లో ఆ చిక్కదనం తరచుగా జీడిపప్పు ముద్ద నుంచే వస్తుంది. పనీర్ కూర, కోడి కుర్మా, తెల్ల గ్రేవీ, చివర వచ్చే ఖీరు, వీటన్నింటిలోనూ అది కంటికి కనబడకుండా కలిసిపోయి ఉంటుంది. పైన చల్లిన పలుకు అయితే ఏరి పక్కన పెట్టవచ్చునేమో గానీ, గ్రేవీలో కరిగిన పప్పును ఎవరూ ఏరలేరు.

ఇక ప్రత్యేక భోజనాల సంకేతాలు (కోడ్‌లు). టికెట్ కొన్నాక, సాధారణంగా ప్రయాణానికి 24 నుంచి 48 గంటల ముందులోపు, ఏదో ఒక సంకేతం కింద భోజనం కోరుకోవచ్చు. మధుమేహులకు డీబీఎంఎల్, గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడనివారికి జీఎఫ్ఎంఎల్, జైనులకు వీజేఎంఎల్, మన శాకాహారానికి ఏవీఎంఎల్ ఉన్నాయి. వేరుశనగ లేని భోజనానికి పీఎఫ్ఎంఎల్ ఉన్నా అన్ని సంస్థలూ దాన్ని ఇవ్వవు. పైగా వేరుశనగ వేరు, జీడిపప్పు వేరు. నేను తొలి మూడేళ్లూ మన వంటే కదా, తెలిసిన రుచే కదా అన్న నమ్మకంతో ఏవీఎంఎల్ కోరుకున్నాను. జీడిపప్పు పడనివారికి అన్నింటికన్నా ప్రమాదకరమైన సంకేతం అదేనని ఇప్పుడు నిస్సందేహంగా చెప్పగలను. ఆ సంకేతం మాంసం, చేప, గుడ్డు లేవని మాత్రమే హామీ ఇస్తుంది. జీడిపప్పు గురించి అది ఒక్క మాట కూడా చెప్పదు.

ఈ విషయం నాకు 2019లో తెలిసివచ్చింది. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయలుదేరిన ఒక విమానంలో పనీర్ కూర వచ్చింది. సంస్థకు ముందే ఫోన్ చేసి జీడిపప్పు అలర్జీ అని నమోదు చేయించాను. నిర్ధారణ సందేశం కూడా వచ్చింది. వడ్డించిన అమ్మాయిని అడిగితే, పళ్లెం వైపు చూసి, "పప్పులేమీ లేవు మేడమ్" అంది. ఆమె కంటికి కనిపించినది చెప్పింది, తప్పు పట్టను. రెండో ముద్దకే నాలుక దురద మొదలైంది. చెంచా కింద పెట్టి, బ్యాగులోంచి అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను తీసి తొడకు పొడుచుకున్నాను. అప్పటికే కింది పెదవి వాచి, మాట ముద్దగా వస్తోంది. సిబ్బంది నన్ను సీటులోనే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తులో ఉంచి, ఆక్సిజన్ పెట్టి, ప్రయాణికుల్లో ఉన్న ఒక డాక్టరుగారిని పిలిచారు. పూర్తిగా పరుచుకునే ఆ సీటు విలువ ఆ రాత్రి నాకు అర్థమైనంతగా మరెప్పుడూ అర్థం కాలేదు. పదిహేను నిమిషాల్లో గొంతు సడలింది. దిగిన ఊళ్లో ఆసుపత్రిలో ఒక పగలంతా ఉండవలసి వచ్చింది. తరువాత సంస్థకు రాస్తే, అలర్జీ వివరం క్యాబిన్ సిబ్బంది చేతిలోని జాబితా దాకా చేరలేదని జవాబిచ్చారు. ఆ జాబితాలో నా పేరు పక్కన మిగిలింది ఏవీఎంఎల్ అన్న నాలుగు అక్షరాలే.

ఆ పెన్ను గురించి ఒక మాట. మన మందుల దుకాణాల్లో అది తేలికగా దొరకదు. నేను విదేశంలో డాక్టరు చీటీతో కొనుక్కుంటాను. రెండు ఉంచుకోవాలి, ఎందుకంటే ఒక మోతాదు చాలనప్పుడు కొద్ది నిమిషాల్లోనే రెండోది అవసరం కావచ్చు. దద్దుర్లకు వేసుకునే మాత్ర దానికి ప్రత్యామ్నాయం కాదు. పెన్నులను పైన సామాను అరలో పెట్టకూడదు. నడుముకు కట్టుకునే చిన్న సంచిలో నిద్రలో కూడా నా దగ్గరే ఉంటాయి.

వంట ఏ ఊళ్లో జరిగిందన్నది సంస్థ పేరుకన్నా ముఖ్యమని నా అనుభవం. ఒకే సంస్థ విమానంలో వెళ్లేటప్పుడు హైదరాబాద్ వంట, తిరిగి వచ్చేటప్పుడు ఐరోపా వంట తింటాం. ఐరోపా సమాఖ్యలో 2014 డిసెంబరు నుంచి 14 రకాల అలర్జీ కారకాల సమాచారం ఇవ్వడం తప్పనిసరి. గింజపప్పులు (జీడిపప్పు, బాదం, పిస్తా వంటివి), నువ్వులు, ఆవాలు అన్నీ అందులో ఉన్నాయి. అక్కడ బయలుదేరిన విమానాల్లో అడగగానే సిబ్బంది ట్యాబ్ తెరిచి వంటకం వారీగా చదివి వినిపించడం నేను చాలాసార్లు చూశాను. మన దగ్గర బయలుదేరినప్పుడు అంత వివరం తరచుగా దొరకలేదు. మన దేశంలో కూడా ప్యాకెట్ల మీద గింజపప్పులు, వేరుశనగ ప్రకటించాలి గానీ, నువ్వులు ఆ జాబితాలో లేవు. నువ్వులు పడనివారు ఇది గుర్తుంచుకోవాలి. 2016లో లండన్ నుంచి ఫ్రాన్స్‌లోని నీస్ వెళ్లే విమానంలో నటాషా ఎడ్నాన్ లాపరూజ్ అనే 15 ఏళ్ల అమ్మాయి, విమానాశ్రయంలో కొన్న రొట్టెలోని నువ్వుల వల్లే కుప్పకూలి, నీస్ ఆసుపత్రిలో ప్రాణం కోల్పోయింది. ఆమె పేరు మీద బ్రిటన్‌లో వచ్చిన లేబుల్ చట్టం 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చింది.

బిజినెస్ క్లాస్‌కే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. విమానం పైకి లేవగానే పానీయంతోపాటు చిన్న పింగాణీ గిన్నెలో వేడిచేసిన పప్పులు ఇస్తారు. జీడిపప్పు, బాదం కలిపి నెయ్యి వాసన వేస్తూ వచ్చే ఆ గిన్నె చాలామందికి ఈ తరగతి గుర్తు. ఎమిరేట్స్ అయితే తన విమానాలన్నింటిలో పప్పులు వడ్డిస్తామనీ, పప్పులు లేని విమానానికి హామీ ఇవ్వలేమనీ తన వెబ్‌సైట్‌లోనే చెబుతుంది. ఆ సూటిదనం నాకు నచ్చుతుంది, ఎందుకంటే దాన్ని బట్టి నా జాగ్రత్త నేను చూసుకోగలను. పక్కవారు తింటున్నప్పుడు గాలిలో వచ్చేదానికన్నా చేతికి అంటుకొని నోట్లోకి పోయేదే పెద్ద ప్రమాదమని నా డాక్టరు చెప్పారు. అందుకే కూర్చోగానే తడి తుడుపు కాగితాలతో చేతిపట్టీ, రిమోటు, మడతబల్ల తుడుస్తాను. ఒకసారి మడతబల్ల విప్పితే కీలు సందులో సగం జీడిపలుకు ఇరుక్కుని ఉంది, లేత పసుపు రంగులో, ఉప్పు అంటుకుని. బల్ల పైభాగం మాత్రం అద్దంలా మెరుస్తోంది. అప్పటి నుంచి కీలు సందునే మొదట తుడుస్తున్నాను.

నాకు బాగా పనిచేసిన పద్ధతి చాలా మామూలుది. సంకేతాలు కోరడం మానేశాను. ప్రత్యేక భోజనం కోరితే మెనూలోని వంటకాలు మనకు మిగలకపోవచ్చు కూడా. దాని బదులు విమానం ఎక్కగానే, వడ్డన హడావిడి మొదలవక ముందే, గ్యాలీ చూసుకునే వ్యక్తి ఎవరో అడిగి తెలుసుకొని, నా అలర్జీని అచ్చువేసిన చిన్న చీటీ ఇస్తాను. 'ఇష్టం లేదు' అని కాదు, 'ప్రాణాపాయం' అని అందులో ఉంటుంది. నిరుడు దోహా నుంచి డల్లాస్ వెళ్తున్నప్పుడు ఆ చీటీ చదివిన అమ్మాయి, "మీరు తెలుగువారాండీ? మాది విశాఖపట్నం" అని, రెండు నిమిషాల్లో గ్యాలీలోంచి చేప వంటకం రేకు మూత పట్టుకొచ్చింది. దాని మీది చీటీలోని పదార్థాల వరుసను వేలు పెట్టి నాకు చదివి వినిపించి, "సాస్‌లో బాదం ఉందండీ. సాస్ లేకుండా ఇస్తే చేపకు అంటదని నేను చెప్పలేను. కోడి తీసుకోండి, దాంట్లో ఏమీ లేవు" అంది. తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకపోవడం అంటే అది. ఇన్నేళ్లలో నాకు దొరికిన అత్యుత్తమ సేవ అదే.

రుచి సంగతికి వస్తే, టమాటా సూపులు, కాల్చిన చేప, ఉడికించిన కూరగాయలు, పళ్లు, మామూలు రొట్టె, వెన్న నాకు ఎప్పుడూ బాగున్నాయి. గుడ్డు వంటకాలు రబ్బరులా వస్తాయి. గల్ఫ్ సంస్థల మిఠాయిలు పిస్తా లేకుండా దాదాపు రావు కాబట్టి అటువైపు చూడను. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో 'బుక్ ద కుక్' కింద కనీసం 24 గంటల ముందు ప్రధాన వంటకాన్ని ఎంచుకునే వీలుంది. సాదా వంటకం పేరు చూసి ముందే ఎంచుకోవడానికి నాకు అది చాలా ఉపయోగపడింది. ఒక సంస్థ టికెట్ మీద మరో సంస్థ విమానం ఎక్కవలసి వస్తే, నడిపే సంస్థకే నేరుగా ఫోన్ చేయాలి. విమానం మారినా, తేదీ మారినా నమోదు చేసినవి రాలిపోతాయి, మళ్లీ చెప్పుకోవాలి.

హైదరాబాద్ నుంచి బయలుదేరే రాత్రుల్లో మాత్రం ఇప్పటికీ విమానం వంట ముట్టను. ఇంట్లో చేసిన నాలుగు ఇడ్లీలు, గింజపప్పులు వేయని కారప్పొడి స్టీలు డబ్బాలో పెట్టుకుంటాను. భద్రతా తనిఖీలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. తెల్లటి బల్లగుడ్డ పరిచి, ఖాళీ పింగాణీ పళ్లెం, వేడినీళ్లు అడిగి తీసుకుని, ఆ ఇడ్లీలు అందులో పెట్టుకుని తింటాను.