పాల కేంద్రం ఫోన్లో ఎంఎంకేవీ: ఏళ్ల తరబడి వాడాక

చిన్న చిన్న వివరాలు ఫోన్లోనే భద్రంగా ఉండాలి, అడిగిన మరుక్షణం చేతికి రావాలి అంటే రియాక్ట్ నేటివ్ (జావాస్క్రిప్ట్‌తో ఫోన్ యాప్‌లు చేసే పద్ధతి) యాప్‌లో నేను పెట్టేది ఎంఎంకేవీనే. పేరు, విలువ జంటలుగా వివరాలు దాచే లైబ్రరీ అది. వేరేదాని వైపు చూడను. పాలు పోసిన లెక్కలు మాత్రం అందులో పెట్టను. "ఫాస్ట్, ఎన్‌క్రిప్టెడ్" (వేగం, కీ లేనిదే చదవలేని రాత) అన్న రెండు మాటలు చూసి చాలామంది దీన్ని అన్నిటికీ వాడేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేనుండేది నల్లగొండలో. దేవరకొండ, చందంపేట, డిండి వైపు ఊళ్లలో పాల కేంద్రాలు నడిపేవాళ్లకు యాప్ చేసి, దాని బాగోగులు చూస్తుంటాను. పొద్దున 6 గంటలకే క్యాన్లు పట్టుకుని జనం వరుసలో ఉంటారు. పాలు కొలవాలి, మిషన్‌లో ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాక పాలలో ఉండే గట్టి పదార్థం) చూడాలి, ఫోన్లో కొట్టాలి, చీటీ ఇవ్వాలి. ఒక్కొక్కరి దగ్గర యాప్ రెండు సెకన్లు ఆగినా వరుస పెరుగుతూనే ఉంటుంది, ఈలోపు పాలబండి వచ్చి హారన్ కొడుతుంది. గుట్టల వైపు సిగ్నల్‌ను నమ్ముకుంటే పని కాదు. ఫోన్లేమో 2 జీబీ, 3 జీబీ ర్యామ్‌వి. అందుకని రేటు చార్టు, సభ్యుల కోడ్లు, లాగిన్ టోకెన్, 15 రోజుల బిల్లు పడే బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ ఫోన్లోనే ఉండాలి. అదే ఫోను సాయంత్రం ఇంట్లో పిల్లల చేతిలో ఉంటుంది. స్క్రీన్ పగిలితే ఓ రాత్రి రిపేరు షాపులో ఉంటుంది. రైతు ఖాతా నంబరు ఎవరు తెరిచినా కనపడేలా పడి ఉండకూడదన్నది నా పట్టుదల.

మొదట్లో అసింక్‌స్టోరేజ్ వాడాం, ఇదీ రియాక్ట్ నేటివ్‌లో వివరాలు ఫోన్లో దాచేదే. అది దేన్నీ ఎన్‌క్రిప్ట్ చేయదు, ఆ సంగతి దాని పరిచయంలోనే రాసి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో మామూలుగా 6 ఎంబీ దాటనివ్వదు కూడా. అప్పట్లో ఖాతా నంబర్లు సర్వర్లోనే ఉండేవి. రోజూ కళ్లకు గుచ్చుకునే ఇబ్బంది ఇంకొకటి ఉండేది: యాప్ తెరవగానే ఒక్క రెప్పపాటు ఇంగ్లీష్ స్క్రీన్, ఆ తర్వాతే తెలుగు. భాష ఏదో నిల్వ నుంచి జవాబు వచ్చేలోపే మొదటి స్క్రీన్ గీసేయడం వల్ల అలా జరిగేది. ఎంఎంకేవీలో జావాస్క్రిప్ట్ నేరుగా సీ++ (వేగంగా నడిచే ప్రోగ్రామింగ్ భాష) కోడ్‌ను పిలుస్తుంది, ఎదురుచూపు లేదు, అడిగిన లైన్‌లోనే జవాబు ఉంటుంది. మార్చిన వారంలోనే ఒక కేంద్రం నడిపే అక్క, "తమ్మీ, ఇప్పుడు తెరవంగనే తెలుగుల వస్తుంది" అంది. అసింక్‌స్టోరేజ్ కన్నా దాదాపు 30 రెట్లు వేగం అని తయారుచేసినవాళ్లు చెప్తారు. నాకు ఆ అక్క మాటే పెద్ద కొలత.

ఇంత వేగం ఎలాగంటే, ఎంమ్యాప్ పద్ధతిలో ఫైలునే మెమరీలో పరిచి పెడుతుంది. మనం రాసేది మెమరీలోకి, డిస్కుకు చేర్చే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. యాప్ మధ్యలో చచ్చిపోయినా రాసింది పోదు. మా పనిలో దీని విలువ రోజూ కనిపిస్తుంది. బర్రె పాలు, కోడ్ 47, ఫ్యాట్ 6.4 అని కొట్టి ఎస్‌ఎన్‌ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి ఫోన్ కాల్ వస్తుంది. మాట్లాడి వచ్చేలోపు ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ మా యాప్‌ను మూసేస్తుంది. మళ్లీ తెరిస్తే 47, 6.4 అక్కడే ఉంటాయి, కర్సర్ ఎస్‌ఎన్‌ఎఫ్ దగ్గర ఉంటుంది. ప్రతి అంకెకూ ఒకసారి రాసినా ఫోను నత్తలా నడవదు.

తెలుగువాళ్లకు ఆసక్తిగా ఉండే సంగతి ఒకటి. ఎంఎంకేవీ పుట్టింది టెన్సెంట్ వాళ్ల వీచాట్‌లో. కొన్ని ప్రత్యేక అక్షరాలు వస్తే ఐఫోన్‌లో యాప్ కూలిపోయేది. ఏ అక్షరం దగ్గర కూలిందో పట్టుకోవాలంటే అతివేగంగా రాసే, కూలినా చెరగని లెక్క ఒకటి కావాల్సి వచ్చింది. 2018లో దాన్ని అందరికీ ఓపెన్‌సోర్స్‌గా ఇచ్చారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే మన "జ్ఞా" అక్షరం ఐఫోన్లను కూల్చేస్తే, ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మన లిపి ఎంత చిక్కనిదో లోకానికి అప్పుడు తెలిసింది.

ఇక ఎన్‌క్రిప్షన్. ఈ యాప్‌లో నేను వాడేది ఏఈఎస్-128 (128 బిట్ల కీతో నడిచే ఎన్‌క్రిప్షన్), దాన్ని డేటాకు వరుసగా వర్తింపజేసే సీఎఫ్‌బీ పద్ధతి. దానివల్ల వేగం తగ్గినట్టు ఎవరికీ తెలియదు, ఫైలు సైజు పెరగదు. లోపలి పేర్లూ విలువలూ రెండూ మరుగున ఉంటాయి. స్టోరేజ్‌కు మనం ఇచ్చే ఐడీ మాత్రం ఫైలు పేరుగా బయటికి కనిపిస్తుంది కాబట్టి అందులో ఫోన్ నంబర్లు పెట్టొద్దు. అసలు సమస్య కీ దగ్గర. కోడ్‌లోనే కీ రాసేసిన యాప్‌లు చాలా చూశాను. అది ఇంటికి తాళం వేసి చెవి గుమ్మం మీద పెట్టి పోయినట్టే. ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) విప్పి చూడడానికి ఓ పూట చాలు. మేం యాప్ మొదటిసారి తెరిచినప్పుడు యాదృచ్ఛికంగా కీ పుట్టించి, ఆండ్రాయిడ్ కీస్టోర్ కాపలాలో, ఐఫోన్ అయితే కీచెయిన్‌లో దాస్తాం. రహస్యాలు దాచడానికి ఫోన్లోనే ఉండే చోట్లు ఇవి. ఇంకో మెలిక ఉంది. ఏఈఎస్-128కి కీ 16 బైట్లు దాటకూడదు. అందులో హెక్స్ (0-9, a-f) అక్షరాలు 16 పెడితే, అక్షరానికి 4 బిట్లే కాబట్టి నిజంగా ఉన్న బలం 64 బిట్లే. బేస్64 (64 రకాల) అక్షరాలైతే అక్షరానికి 6 చొప్పున 96 బిట్లు. ఒక్క లైన్ మార్పుకు ఇంత తేడా.

ఫోను మొత్తం ఎలాగూ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కదా, మళ్లీ ఇదెందుకు అని కొందరు అడుగుతారు. నిజమే, ఆండ్రాయిడ్ 10తో వచ్చే ఫోన్లన్నిటికీ అది తప్పనిసరి. కానీ ఆ రక్షణ ఫోను అన్‌లాక్ అయ్యేవరకే. రూట్ చేసిన (పూర్తి అధికారం తెరిచిన) ఫోన్లో యాప్ ఫైళ్లు చూడగలిగినవాడికి అది అడ్డం రాదు.

పాల లెక్కలు ఇందులో ఎందుకు పెట్టనో ఇప్పుడు చెప్తాను. డిస్కుకు చేరకముందే బ్యాటరీ ఉన్నట్టుండి ఆగిపోతే చివరి రాతలు పోవచ్చు. ఫైలు చెడిందో లేదో సీఆర్‌సీ అనే తనిఖీ అంకెతో చూసుకుంటుంది. చెడిందని తేలితే, మనం వేరేగా చెప్పకపోతే ఆ డేటాను వదిలేసి ఖాళీగా మొదలవుతుంది. రేటు చార్టుకు పర్వాలేదు, మళ్లీ దింపుకోవచ్చు. లక్ష్మమ్మ పొద్దున పోసిన 5 లీటర్లు మాత్రం మళ్లీ ఎక్కడి నుంచి దింపుతాం? అవి ఎస్‌క్యూఎల్‌సైఫర్‌లో ఉంటాయి. అది ఎస్‌క్యూలైట్ అనే ఫోన్ డేటాబేస్ మీద 256 బిట్ల ఏఈఎస్, ప్రతి పేజీకీ ఎవరైనా మార్చారా అని చూసే తనిఖీ విడిగా ఉంటుంది. సీఎఫ్‌బీలో ఆ తనిఖీ లేదు. సీఆర్‌సీ పొరపాటున చెడినదాన్ని పట్టుకుంటుంది కానీ కావాలని దిద్దినవాణ్ని పట్టుకోలేదు. అందుకే రేటు ఫోన్లో ఉన్నా, బిల్లు వేసేటప్పుడు సర్వర్ మళ్లీ లెక్క కడుతుంది.

రోజంతటి జాబితాను ఒకే జేసన్ (డేటాను అక్షరాలుగా రాసే రూపం) ముక్కగా పెట్టి, క్యాన్ క్యాన్‌కూ తిరగరాయడం కూడా వద్దు. ప్రతి మార్పూ ఫైలు చివర కొత్తగా చేరుతుంది. నిండినప్పుడు పాతవి తీసేసి సర్దుకుంటుంది, అప్పటికీ చాలకపోతే ఫైలు రెట్టింపవుతుంది. అదంతా మెమరీలోనే ఉంటుందని మర్చిపోవద్దు. ట్రిమ్ అనే ఫంక్షన్ పిలిస్తే గానీ పెరిగిన ఫైలు తగ్గదు. తెలుగు పేర్లు ఎక్కువగా దాచేవాళ్లు ఇంకొంచెం చూసుకోవాలి, యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి)లో మన ప్రతి గుర్తుకూ 3 బైట్లు పడతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెలుసుకోవాల్సింది: ఎక్స్‌పో గో (రియాక్ట్ నేటివ్ యాప్‌ను బిల్డ్ చేయకుండానే నడిపి చూసే యాప్)లో ఇది నడవదు, డెవలప్‌మెంట్ బిల్డ్ చేసుకోవాలి. ఎంఎంకేవీ రియాక్ట్ నేటివ్ ప్యాకేజీ 3వ వెర్షన్ నుంచి రియాక్ట్ నేటివ్ కొత్త ఆర్కిటెక్చర్ కావాలి. 4వ వెర్షన్ నైట్రో (జావాస్క్రిప్ట్‌ను సీ++ లాంటి కోడ్‌కు కలిపే పొర) మీదికి మారింది, స్టోరేజ్ తెరిచే పద్ధతి కూడా మారింది కాబట్టి పాత కోడ్ అలాగే పెడితే నడవదు.

ఇక ఫోను మార్పిడి. ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్ యాప్ ఫైళ్లను 25 ఎంబీ వరకు తీసుకెళ్తుంది, అందులో ఎంఎంకేవీ ఫోల్డరూ ఉంటుంది. కీస్టోర్‌లోని కీ మాత్రం పాత ఫోను దాటి రాదు. కొత్త ఫోన్లో తెరుచుకోని ఫైలు మిగులుతుంది, యాప్ అయోమయపడుతుంది. అందుకే ఆ ఫోల్డర్‌ను బ్యాకప్ నియమాల్లోంచి తీసేశాం. ఆండ్రాయిడ్ 12కు ముందు, ఆ తర్వాత నియమాల ఫైళ్లు వేరు కాబట్టి రెండూ రాయాలి. ప్రతి పెద్ద వెర్షన్‌కు ముందు ఒక పాత ఫోను నుంచి కొత్త ఫోనుకు మార్చి చూస్తాను. లాగిన్ అడగాలి, అడిగాక రేటు చార్టు దిగాలి, స్క్రీన్ మొదటి నుంచీ తెలుగులో ఉండాలి. అప్పుడే డిండి వైపు పంపుతాను.