ఫ్రెంచి రుచి చూడడానికి మాంట్రియలా, క్యుబెక్ నగరమా?

టొరాంటోలో స్థిరపడిన తెలుగువారు ఫ్రెంచి వాతావరణం కోసం పారిస్ దాకా వెళ్లనక్కరలేదు. రైలెక్కితే సుమారు ఐదు గంటల్లో, ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలోని మాంట్రియల్ చేరవచ్చు. అక్కడి నుంచి క్యుబెక్ నగరం దాదాపు 250 కిలోమీటర్లు.

తిండి విషయంలో నా ఓటు నిస్సందేహంగా మాంట్రియల్‌కే. 1933లో మొదలైన జాఁ తాలోఁ మార్కెట్‌లో చుట్టుపక్కల పొలాల కూరగాయలు, చీజ్, మేపుల్ పాకం ఒకేచోట దొరుకుతాయి. తేనె కలిపిన నీళ్లలో ఉడికించి, నువ్వులద్ది, కట్టెల పొయ్యిలో కాల్చే ఇక్కడి బేగెల్ అనే గుండ్రటి రొట్టెను పొయ్యి దగ్గరే, వేడి చల్లారకముందే తినాలి. పుటీన్ అనే ఇక్కడి వంటకాన్ని మాత్రం శాకాహారులు అడిగి తీసుకోవడం మంచిది. వేయించిన బంగాళాదుంపల మీద పోసే గ్రేవీని సాధారణంగా మాంసపు రసంతోనే చేస్తారు.

భాష చెవిన పడాలన్నా, చరిత్ర కంటికి కనబడాలన్నా క్యుబెక్ నగరమే మేలు. మాంట్రియల్ దుకాణాల్లో మనం తడబడగానే ఇంగ్లీషులోకి మారిపోతారు కాబట్టి, నేర్చుకున్న నాలుగు ఫ్రెంచి ముక్కలు వాడే అవకాశం క్యుబెక్ నగరంలోనే ఎక్కువ. 1608లో ఫ్రెంచి అన్వేషకుడు శాంప్లేన్ స్థాపించిన ఈ ఊరి పాత భాగం, కోటగోడలతో సహా, 1985లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దగ్గరలోని మోంమొరాన్సీ జలపాతం ఎత్తు 83 మీటర్లు, అంటే నయాగరా కంటే ఎక్కువ.

పాత వీధులు నిటారుగా ఉంటాయి కనుక, పెద్దవాళ్లతో వెళ్లేవారు దిగువ పట్టణం నుంచి పైకి కేబుల్ రైలు పెట్టెలో వెళ్లవచ్చు.