పెన్ కంప్యూటరా, స్క్రీన్ లేని పలకా: బొమ్మలకు ఏది మేలు?

బొమ్మలు వేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ కోరిక పుడుతుంది. స్క్రీన్ మీదే గీయాలి, అదే కంప్యూటర్ కూడా కావాలి, సంచిలో పడేసుకుని ఎక్కడికైనా పోవాలి. నాకూ పుట్టింది, వెనకా ముందూ చూడకుండా కొనేశాను. నేను చూసుకోని లెక్క మీరు ముందే చూసుకుంటారని ఇది రాస్తున్నాను.

దారులు మూడు. మొదటిది స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్, వాకమ్ ఇంటువోస్ లాంటి నల్ల పలక. ఉన్న కంప్యూటర్‌కు తగిలించి పలక మీద గీస్తే గీత ఎదురుగా మానిటర్‌లో పడుతుంది. రెండోది సింటిక్ లాంటి పెన్ డిస్‌ప్లే. గీసేది స్క్రీన్ మీదే గానీ, దాని వెనక కంప్యూటర్ ఉండాల్సిందే. మూడోది తానే కంప్యూటర్, అంటే పెన్ కంప్యూటర్: ఐప్యాడ్ ప్రో, సర్ఫేస్ ప్రో, గెలాక్సీ ట్యాబ్ ఎస్ లాంటివి. మనసు లాగేది ఈ మూడోదే.

దీన్ని కొనేవాళ్లు చేసే మొదటి పొరపాటు, యంత్రాన్ని ఎంచుకున్నాక సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించడం. ప్రోక్రియేట్ కావాలంటే ఐప్యాడ్ తప్ప గతి లేదు. చేతికి ఎంతో హాయిగా ఉండే యాప్ అది. కానీ కాన్వాస్ పెద్దదయ్యే కొద్దీ అది ఇచ్చే లేయర్లు (బొమ్మలో ఒకదాని మీద ఒకటిగా విడివిడిగా గీసుకునే పొరలు) తగ్గిపోతాయి, ఎన్ని వస్తాయన్నది ఐప్యాడ్ మెమరీని బట్టి ఉంటుంది. పోస్టర్ సైజు బొమ్మలు వేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఉచితంగా దొరికే క్రిటా విండోస్, మ్యాక్, లినక్స్‌లలో నడుస్తుంది, ఐప్యాడ్‌లో నడవదు. క్లిప్ స్టూడియో పెయింట్ దాదాపు అన్నిట్లోనూ ఉంది. అయితే విండోస్, మ్యాక్‌లకు ఒక్కసారి కొనేసుకునే వీలుంది, ఐప్యాడ్‌లో మాత్రం చందా కడుతూనే ఉండాలి. ఫోటోషాప్ ఐప్యాడ్‌లోనూ ఉంది గానీ, కంప్యూటర్‌లో ఉన్నవన్నీ అందులో లేవు. సర్ఫేస్‌లో పూర్తి విండోస్ ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. కాకపోతే మౌస్ కోసం చేసిన బుల్లి బుల్లి మెనూలను పెన్ను మొనతో పొడుచుకోవాలి.

ఇక పెన్ను. పెట్టె మీద 8192 ప్రెషర్ లెవెల్స్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అంటే మన నొక్కుడులో అన్ని మెట్లను గుర్తిస్తుందని. దాన్ని చూసి మురిసిపోకండి, 2048 ఉన్న పాత పెన్నుతోనూ గీతలో తేడా కనిపెట్టడం కష్టం. చూడాల్సింది, ఎంత తేలిగ్గా తాకిస్తే గీత మొదలవుతుందనేది. కొన్ని పెన్నులను గట్టిగా నొక్కితే తప్ప పలకవు. సన్నటి వెంట్రుక గీతలు వాటితో రావు.

నేను దెబ్బతిన్నది ఇంకోచోట. నాది సెకండ్ హ్యాండ్ మెషీన్. అమ్మిన మనిషి ముందు చకచకా గీసి చూశాను, బ్రహ్మాండంగా వచ్చింది. ఇంటికొచ్చి ఒక ముఖానికి నెమ్మదిగా అవుట్‌లైన్ వేస్తుంటే, ఏటవాలు గీత దగ్గరికొచ్చేసరికి అలలు అలలుగా వణికింది. చెయ్యి వణుకుతోందేమో అని స్కేలు ఆనించి గీశాను. అదే వణుకు! వేగంగా గీస్తే ఈ లోపం దాక్కుంటుంది. కాబట్టి కొనేముందు స్కేలు పెట్టి ఏటవాలుగా, బాగా మెల్లగా నాలుగు గీతలు గీయండి. ఆ తర్వాత చిన్న చిన్న సున్నాలు చుట్టండి. అమ్మేవాళ్లు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

సెకండ్ హ్యాండ్‌లో పెన్ను జోడీ కూడా చూసుకోవాలి. 2015లో వచ్చిన మొదటి యాపిల్ పెన్సిల్ 2018 ఐప్యాడ్ ప్రోకు పనిచేయదు, రెండో తరం పెన్సిల్ 2024 ఐప్యాడ్ ప్రోకు పనిచేయదు. సర్ఫేస్ ప్రో మొదటి రెండు తరాల్లో వాకమ్ పెన్ను ఉండేది, 2014లో వచ్చిన మూడో తరంతో ఆ టెక్నాలజీనే మార్చేశారు. గెలాక్సీ ట్యాబ్ ఎస్ పెన్నుకు ఒక సుఖం ఉంది: గీయడానికి దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, కావాల్సిన శక్తి స్క్రీన్ కింది తీగల వల నుంచే అందుతుంది.

పెన్ డిస్‌ప్లే గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రోజంతా బల్ల దగ్గరే కూర్చుని పనిచేసేవాళ్లకు మంచిది. వైర్లకు, స్టాండుకు బల్ల మీద చోటుండాలి, మెడ వంగకుండా స్క్రీన్ లేపి పెట్టుకోవాలి.

స్క్రీన్ లేని పలకను అందరూ చిన్నచూపు చూస్తారు. నిజమే, మొదటి వారం నరకం. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. కన్ను గీద్దామంటే చెంప మీద పడుతుంది. కానీ అలవాటయ్యాక గీసే చెయ్యి బొమ్మకు అడ్డం రాదు, తల నిటారుగా ఉంటుంది. ఇంకో మాట, పెన్ కంప్యూటర్‌లో బ్యాటరీ, ప్రాసెసర్, స్క్రీన్ అన్నీ ఒకటే ముద్ద. ఒకటి ముసలిదైతే మొత్తం మూలపడుతుంది. పలకైతే కంప్యూటర్ మార్చినా, దాన్ని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరికినంతకాలం అదే నడుస్తుంది.

అందుకే నా ఓటు ఇలా. ఇంట్లో ఓ మోస్తరు కంప్యూటర్ ఉండి, పని బల్ల దగ్గరే జరిగితే పలక కొనండి. కంప్యూటర్ అసలే లేకపోయినా, ప్రయాణాల్లోనూ బయటా కూర్చుని గీసే పనే ఎక్కువైనా పెన్ కంప్యూటర్‌కు పెట్టే డబ్బు దండగ కాదు. ఉన్నదాని పక్కన సరదాకి ఇదొకటి అనుకుంటే మాత్రం ఆగండి.

నా మెషీన్ అమ్మేయలేదు. బయటికెళ్తే రఫ్ స్కెచ్‌లు దాని మీదే వేస్తాను, రఫ్‌లో గీత వణికినా ఎవరూ అడగరు. అవుట్‌లైన్ మాత్రం ఇంటికొచ్చి పలక మీదే.